మెట్లు దిగేది ఎవరు

"అంటే మావాణ్ణి ఇల్లరికం రమ్మంటున్నారా సిస్టర్?" అని ఆవిడ అడిగేసరికి నా చేతిలో టీ కప్పుల ట్రే ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, అవునండీ అన్నాను.

అప్పటిదాకా నేను ఆవిడకి వదినగారిని. న్యూజెర్సీలో ఏళ్ళ తరబడి ఒకే తెలుగు చర్చికి వెళ్తూ ఒకరినొకరం సిస్టర్ అని పిలుచుకున్నాం. ఆవిడ కొడుకూ మా అమ్మాయీ పెళ్ళి చేసుకుంటామని చెప్పిన రోజు నుంచి వదినగారూ అనుకోవడం మొదలుపెట్టాం. ఇప్పుడు ఒక్క దెబ్బతో నన్ను మళ్ళీ సిస్టర్‌ని చేసేసింది. మా కోస్తా క్రైస్తవుల్లో బాగా కోపం వస్తే తిట్టుకోవడం ఉండదు. మర్యాద పెరుగుతుంది.

జరిగిందేమిటంటే, ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పెళ్ళి మాటలకని ఆవిడా ఆవిడ భర్తా కొడుకూ ప్లెయిన్స్‌బరోలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఇల్లు చూస్తానని ఆవిడ పైకి వెళ్ళింది. పైన మా పెద్ద పడకగది ఖాళీగా ఉంది. గోడలకి కొత్త రంగు వేయించాం. మా మంచం, బీరువా అప్పటికే కిందకి దించుకుని వంటగది వెనకున్న చిన్న గదిలోకి మారిపోయాం. ఆవిడ తిరిగొచ్చి, గెస్టులు ఎవరైనా వస్తున్నారా అని అడిగింది. పెళ్ళయ్యాక పిల్లలిద్దరూ అందులో ఉంటారనీ, ఇల్లు అమ్మాయి పేరన పెడుతున్నామనీ, మాకు వెనక గది చాలనీ చెప్పాను. ఆవిడకి ఇదంతా కొత్త. వాళ్ళ ఇల్లు మా ఇంటికి కారులో పావుగంట దూరం. కోడలు అక్కడికి వస్తుందని బంగారు రంగు అంచు అద్దంతో సహా పడకగది సెట్టంతా కొని పెట్టింది.

పిల్లలిద్దరూ ఐస్‌క్రీమ్ తెస్తామని బయటికి వెళ్ళారు, తెలివైనవాళ్ళు. ఆవిడ భర్త మా సీలింగ్ ఫ్యాన్‌ని పరీక్షగా చూస్తున్నాడు. మా ఆయన జంతికల పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

"లోకంలో ఎక్కడైనా ఉందా ఈ పద్ధతి?" అంది ఆవిడ.

ఉందన్నాను. అక్కడ నేను కాపురం చేశానన్నాను. ఆచే అనే చోటు, ఇండోనేషియాలో, సుమత్రా దీవికి ఉత్తరం కొసన. ఆవిడ టీ తాగకుండానే లేచింది. పిల్లలు తెచ్చిన ఐస్‌క్రీమ్ ఎవరూ తినలేదు.

ఇల్లరికం అంటే మనవాళ్ళకి ఎంత చులకనో నాకు తెలియనిది కాదు. ఇల్లరికపుటల్లుడంటే అత్తగారి ఇంట్లో అదనంగా పడి ఉన్న కుర్చీ లాంటివాడు. కొడుకులు లేనివాళ్ళు గతిలేక తెచ్చుకునేవాడు. అదే ఆడపిల్ల అయితే పుట్టిన ఇల్లు వదిలి, పెట్టె సర్దుకుని, తనకి ఏ గిన్నె ఎక్కడుందో కూడా తెలియని ఇంటికి వెళ్ళి జీవితాంతం ఉంటే దానికి పేరే లేదు. అది మామూలు విషయం. నేనూ అలాగే వెళ్ళాను. కృష్ణా జిల్లా సముద్రం పక్క ఊళ్ళో మా అత్తగారింట్లో నా పెట్టె మెట్ల కింద పెట్టుకోమన్నారు. ఎప్పుడు మాటా మాటా వచ్చినా, ఇష్టం లేకపోతే మీ ఇంటికి పో అనేవాళ్ళు. మా ఇంటికి పోతే మా అమ్మ, ఎప్పుడు వెళ్తున్నావే అని అడిగేది. ఆవిడ మంచిదే. అడగక తప్పదని అడిగేది.

అలాంటి దాన్ని, తొంభైల్లో మా ఆయనకి ఆచేలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఉద్యోగం వస్తే వెంట వెళ్ళాను. కాంట్రాక్టు ఇంజనీర్లకి క్వార్టర్లు లేవన్నారు. ఫ్యాక్టరీకి ఎడంగా, పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంట్లో ముందు భాగం మాకు అద్దెకి దొరికింది. ఆవిడని అందరూ మాక్ అనేవాళ్ళు. వాళ్ళ మాటలో అమ్మ అని. మేమూ అలాగే పిలిచాం.

ఆ ఊరు ఎలా ఉండేదని ఇక్కడి చర్చిలో ఎవరైనా అడిగితే, వాళ్ళు వినాలనుకునేది నాకు ముందే తెలుసు. భయం వేయలేదా, వాళ్ళంతా వేరే మతం కదా, మిమ్మల్ని ప్రార్థన చేసుకోనిచ్చారా అని అడుగుతారు. భయం వేసింది. ఆ రోజుల్లో అడవిలో తిరుగుబాటువాళ్ళకీ సైన్యానికీ గొడవలు. ట్రక్కు చప్పుడు వినిపిస్తే ఊరంతా మాటలు ఆపేసేది. కొన్ని ఇళ్ళల్లో మగవాళ్ళు లేరు, ఎక్కడున్నారని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నాకు భయం వేసింది ఆ ట్రక్కులని చూసి. మాక్‌ని చూసి కాదు. ఆవిడ రోజుకి ఐదుసార్లు నమాజు చేసుకునేది, సాయంత్రం నేను తలకి గుడ్డ కప్పుకుని కూర్చోవడం ఆలస్యమైతే, నీ ప్రార్థన అయిందా అని వచ్చి అడిగేది. మా పాస్టరుగారు కూడా నన్ను అంత క్రమంగా అడగలేదు.

ఇల్లు నేల మీద ఉండదు అక్కడ. మనిషి ఎత్తు స్తంభాల మీద చెక్కతో కడతారు. ఎక్కడానికి ఒకటే మెట్ల వరస. మెట్ల పక్కన నీళ్ళ బాన, అందులోంచి ముంచుకుని కాళ్ళు కడుక్కుని ఎక్కాలి. గుమ్మం ఎంత కిందకి ఉంటుందంటే తల వంచకుండా లోపలికి వెళ్ళడం కుదరదు. మా ఆయన పొడగరి. మొదటి నెలంతా ఆయన నుదుటి మీద బొప్పి కట్టే ఉండేది. ఇంటి కింద ఖాళీలో ఊయల కట్టేవాళ్ళు, కాలితో తొక్కే రోకలితో వడ్లు దంచేవాళ్ళు, కోళ్ళు తిరిగేవి, మధ్యాహ్నం ఆడవాళ్ళంతా అక్కడ చేరి తమలపాకులు నములుతూ ఊరందరి గురించీ మాట్లాడుకునేవాళ్ళు. అలాంటి చల్లటి చోటు నాకు మళ్ళీ దొరకలేదు.

సుఖమేమీ కాదు. కరెంటు ఉందని చెప్పుకోవడమే. వర్షాకాలంలో దారి బురద మోకాళ్ళ దాకా వచ్చేది, పొలం గట్ల మీద నడిస్తే జలగలు పట్టేవి. ఆసుపత్రి అంటే ఒక గది, ఒక మంత్రసాని. నేను నర్సునని తెలిశాక ఆ మంత్రసాని నన్ను వదల్లేదు, జ్వరాల రోజుల్లో తనకి సాయం రమ్మని కబురు పెట్టేది. జీతం లేదు. కొబ్బరికాయలు, బాతుగుడ్లు, ఎండబెట్టిన చేప ముక్క వచ్చేవి. ఆ చేప కొయ్య కన్నా గట్టిది, కత్తితో చెక్కి వండాలి. ఒక పుల్లటి కాయకి ఉప్పు పట్టించి, నల్లబడేదాకా ఎండబెట్టి, మనం చింతపండు వాడినట్టు ప్రతి కూరలోనూ వేసేవాళ్ళు. మా అత్తగారి చేపల పులుసు గొప్పదని మా ఆయన మూడు పూటలా చెప్పేవాడు. మాక్ చేతి పులుసు తిన్నాక చెప్పడం మానేశాడు.

ఇవన్నీ సరే. నా మతి పోగొట్టింది మాత్రం ఇంకొకటి. ఆ ఇల్లు మాక్‌ది. ఆవిడ భర్తది కాదు, ఆవిడది. వాళ్ళమ్మ ఆవిడకి పెళ్ళప్పుడు ఇచ్చింది. పక్క ఇల్లు మాక్ చెల్లెలిది, దాని వెనకది మాక్ పెద్ద కూతురిది. ఊళ్ళో ఏ ఇల్లు చూపించినా ఫలానా ఆవిడ ఇల్లు అనేవాళ్ళు. కూతురికి పెళ్ళయితే నడిమి గది దానికిచ్చి, తల్లిదండ్రులు వెనక వసారాలోకి జరుగుతారు. పెళ్ళికొడుకుని వాళ్ళవాళ్ళు ఊరేగింపుగా తీసుకొచ్చి మెట్ల దగ్గర అప్పగించి వెళ్తారు. అప్పగింతల్లో ఏడ్చేది పెళ్ళికొడుకు తల్లి. మొదటిసారి అది చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత మెట్ల కింద ఉన్న నా పెట్టె గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అల్లుళ్ళకి అక్కడ అవమానమేమీ లేదు. పొద్దున్నే లేచి తల్లి ఇంటికి వెళ్ళి కాఫీ తాగి, పొలానికో కొట్టుకో పోయి, సాయంత్రానికి భార్య ఇంటికి వచ్చేవాళ్ళు. ఊరంతా అలాగే ఉన్నప్పుడు ఎవర్ని ఎవరు వెక్కిరిస్తారు? వాళ్ళకి గట్టి నియమం ఒకటుంది. ఉపవాసాల నెల మొదలయ్యే ముందు రోజు ఊరూరా మాంసం వండుతారు. ఆ రోజు అల్లుడు మాంసం తీసుకుని మెట్లెక్కాలి. ఎంత లేనివాడైనా సరే. మాక్ తనంతట తానే నన్ను కూతుళ్ళ లెక్కలో వేసేసుకుంది కాబట్టి మా ఆయన అల్లుడు. తెల్లవారకముందే లేపి మిగతా అల్లుళ్ళతో సంతకి తోలింది. ఆయన దున్న మాంసం చేతికి అందినంత కొనుక్కుని, చొక్కా అంతా రక్తపు మరకలతో, కాళ్ళు కడుక్కుని, మెట్లెక్కి, గుమ్మానికి తల కొట్టుకుని మరీ లోపలికి వచ్చాడు. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న గర్వం మా పెళ్ళి ఫోటోల్లో కూడా లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఊరి విందుల్లో పెద్ద కాగుల్లో కూర వండేది మగవాళ్ళే. పనస కాయ ముక్కలేసి, కొబ్బరీ మసాలాలూ నూరి, తెడ్లు పట్టుకుని కలిపేవాళ్ళు. ఆడవాళ్ళు దూరంగా కూర్చుని ఉప్పు తక్కువైందని వంకలు పెట్టేవాళ్ళు. పుట్టి బుద్ధెరిగాక స్టవ్ వెలిగించి ఎరగని మా ఆయన ఆ కాగుల దగ్గర ఒక్క కూర నేర్చుకున్నాడు. ఇప్పటికీ ఆయనకి వచ్చింది ఆ ఒక్కటే.

ఇక అసలు సంగతి. నాకు నెలలు నిండుతున్న రోజులు. కాన్పుకి నన్ను వాళ్ళమ్మ దగ్గరికి పంపాలని మా ఆయన నిర్ణయించేసి, టికెట్ సంగతి కూడా ఫ్యాక్టరీలో మాట్లాడేసి, సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్పాడు. వెళ్ళనన్నాను. మాటా మాటా పెరిగింది. మాటల మధ్యలో ఆయన నోటి నుంచి వాళ్ళింటి మాటే వచ్చింది.

"ఉంటే చెప్పినట్టు ఉండు. లేకపోతే మీ ఇంటికి పో."

బ్యాగులో రెండు చీరలు పెట్టుకుని, ఆ కడుపుతో మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఎక్కడికి వెళ్తున్నానో నాకే తెలియదు. కింద మాక్ ఎండబెట్టిన పుల్లకాయలు గంపలోకి ఎత్తుతోంది. నా ఏడుపూ బ్యాగూ చూసి, ఎక్కడికి అని అడిగింది. నాకొచ్చిన ముక్కల భాషలో, ఆయన వెళ్ళమన్నాడని చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు. భాష రాక కాదు, సంగతే అర్థం కాలేదు. ఇంట్లోంచి ఆడమనిషి ఎందుకు వెళ్తుంది అని మళ్ళీ మళ్ళీ అడిగింది. తర్వాత గంప కింద పెట్టి మెట్ల మీద సగం దాకా ఎక్కి, పైన నిలబడ్డ మా ఆయనతో కోపం లేకుండా, కూర వేడి చేయమన్నంత మామూలుగా చెప్పింది.

"గొడవ పడ్డావు కదా నాయనా. మగవాడు దిగాలి. దిగు."

ఆయన దిగాడు. ఏం చేస్తాడు? ఊరి మధ్యలో మెనసా అని ఒక చావిడి ఉంటుంది, ప్రార్థనకీ పంచాయితీకీ అదే. పెళ్ళికాని కుర్రాళ్ళూ భార్యలతో చెడినవాళ్ళూ రాత్రి అక్కడే పడుకునేవాళ్ళు. దాని బయటి అరుగు మీద ఆ రాత్రి గుంటూరులో ఇంజనీరింగ్ చదివిన క్రైస్తవుడు ఒకాయన కూడా పడుకున్నాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదట. వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ పడుకున్నవాళ్ళే. ఒక ముసలాయన దోమలకి కప్పుకోమని తన లుంగీ ఇచ్చాడట. పొద్దున్నే చేపలు కొనుక్కుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, మెట్ల కింద నిలబడ్డాడు. మాక్ పైకి చూసి నన్ను అడిగింది, రానివ్వనా అని. నా జీవితంలో ఒక ఇంట్లోకి ఎవరు రావాలో నన్ను అడగడం అదే మొదటిసారి. కాసేపు ఆగి రానివ్వమన్నాను. ఆగింది కావాలనే.

మా అమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది, నడిమి గదిలో. మంత్రసాని చేతుల్లో, మాక్ అరుపుల మధ్య. కాన్పయ్యాక మంచం కింద నిప్పులు పెట్టి నన్ను వేడి మీద పడుకోబెట్టారు, అచ్చం మా అమ్మమ్మ చేసినట్టే. పిల్లని ఎత్తుకుని మాక్ మా ఆయన్ని మెట్ల దగ్గరికి పిలిచింది. అక్కడ ఆడపిల్ల పుడితే తండ్రి ఆ ఏడాది నుంచే కలప పోగేస్తాడు. ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న.

"ఆడపిల్ల పుట్టింది. దీని ఇల్లు ఎక్కడ?"

ఆవిడ పిల్లని చేతికివ్వకుండా నిలబడింది. చివరికి ఆయన, కడతాను మాక్ అన్నాడు. అప్పుడు ఇచ్చింది. బియ్యప్పిండి కలిపిన నీళ్ళు ఆకులతో పిల్ల మీద చిలకరించి, ఇక మాట తప్పే ప్రశ్నే లేదన్నట్టు వంటకి వెళ్ళిపోయింది.

కాంట్రాక్టు అయిపోయాక వచ్చేశాం. కొన్నేళ్ళకి నా నర్సు ఉద్యోగం మీద వీసా వచ్చి అమెరికా వచ్చాం. మా ఆయన నా డిపెండెంట్‌గా వచ్చాడు. ఆ లెక్కన ఆయన అమెరికాకే ఇల్లరికం వచ్చాడు. ఈ మాట ఆయన స్నేహితుల ముందు అనకూడదని మా మధ్య ఒక ఒప్పందం ఉంది, ఇక్కడ రాయకూడదని మాత్రం లేదు.

సునామీ వచ్చినప్పుడు టీవీలో ఆచే తీరమంతా తుడిచిపెట్టుకుపోయి కనిపించింది. ఏడుస్తూ ఎన్ని నెలలు ఎన్ని నంబర్లకి ఫోన్లు చేశామో. చివరికి మాక్ పెద్ద కూతురు దొరికింది. నీళ్ళు ఊరి దాకా వచ్చి మెట్ల మీద ఆగిపోయాయట. ఇల్లు నిలబడిందట, తీరం నుంచి వచ్చినవాళ్ళతో ఇంటి పైనా కిందా నిండిపోయిందట. మాక్ చెల్లెలి కూతుళ్ళు సముద్రం పక్క ఊళ్ళో ఉండేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళు పోయాయి. సాయానికి వచ్చినవాళ్ళు కొత్త ఇళ్ళు కట్టిస్తూ మగవాళ్ళ పేర్లు రాసుకున్నారట. మాక్ వెళ్ళి, ఆడపిల్లల పేర్లు రాసేదాకా వాళ్ళ టేబుల్ ముందు నేల మీద కూర్చుందట. తమలపాకుల సంచీ కూడా పట్టుకెళ్ళిందట. రాశారు. ఆవిడ పోయి ఇప్పుడు చాలా ఏళ్ళయింది. ఇల్లు రెండో కూతురిది.

అందుకని మేం డబ్బులు చేతికొచ్చి ప్లెయిన్స్‌బరోలో ఇల్లు కొన్న రోజే అది ఎవరిదో నిర్ణయమైపోయింది. మా అమ్మాయి ఫార్మా కంపెనీలో ఉద్యోగం చేస్తుంది, కావాలంటే తనే కొనుక్కోగలదు. కొనుక్కోవడం వేరు. ఇది నీది, ఇక్కడి నుంచి నిన్నెవరూ పొమ్మనలేరు అని ఎవరైనా చెప్పడం వేరు. నాకెవరూ చెప్పలేదు. నా కూతురికి నేను చెప్పాలి.

ఆ ఆదివారం తర్వాత చర్చిలో ఆవిడ రెండు వరసలు వెనక్కి మారింది. ఎదురైతే, ప్రైజ్ ద లార్డ్ సిస్టర్ అని ఎంతో మర్యాదగా అనేది. నాకు ప్రతిసారీ గుచ్చుకునేది. పాస్టరుగారు ఫోన్ చేసి, మన సంస్కృతి, మన పద్ధతి అంటూ మెల్లగా మొదలుపెట్టారు. నేను ఒక్కటే అడిగాను. ప్రతి పెళ్ళిలోనూ మీరు చదివే బైబిల్ వాక్యంలో అమ్మానాన్నల్ని విడిచిపెట్టి రావలసింది ఎవరండీ అన్నాను. పురుషుడే అనుకోండి అన్నారు. అనుకోవడమేమిటి, చదివేది మీరే కదా అన్నాను. ప్రేయర్ చేస్తాను సిస్టర్ అని ఫోన్ పెట్టేశారు.

మా ఆయన కూడా జారిపోబోయాడు. ఒక ఏడాది వాళ్ళింట్లో ఉండనిద్దాం, తర్వాత చూద్దాం అన్నాడు ఒక సాయంత్రం. మెనసా అరుగు గుర్తుందా అన్నాను. గుర్తుందన్నాడు. ఎవరికి మాటిచ్చావో గుర్తుందా అన్నాను. వెళ్ళి మా వెనక గదిలో అల్మరా బిగించడం మొదలుపెట్టాడు. మనిషి మంచివాడు, అప్పుడప్పుడూ మెట్లు దింపాలి అంతే.

భయపెట్టింది మా అమ్మాయి. ఆ అబ్బాయంటే దానికి ప్రాణం. ఆఫీస్‌ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా వంటగదిలో నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఈ ఫైట్ నా కోసమా, నీ కోసమా?"

ఇద్దరి కోసం అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి? మెట్ల కింద నా పెట్టె సంగతి చెప్పాను. అది ఎప్పుడూ వినలేదు. విని కూడా మెత్తబడలేదు, నా కూతురే కదా.

"తను రాకపోతే? వాళ్ళ అమ్మ వద్దంటే, తను ఓకే అంటే?"

నా పంతం వల్ల నా బిడ్డ మనసు విరిగితే దానికి నేనే బాధ్యురాలిని, వేరెవరూ కాదు. ఆ మాట దానికే చెప్పాను. చెప్పి కూడా వెనక్కి తగ్గలేదు.

"రాకపోతే ఏడుస్తావు. కానీ నీ ఇంట్లో కూర్చుని ఏడుస్తావు. ఎప్పుడు వెళ్తున్నావని ఎవ్వరూ అడగరు."

అది లేచి పైకి వెళ్ళింది. తన గదిలోకి కాదు, ఖాళీగా ఉన్న పెద్ద గదిలోకి. కొత్త రంగు వాసనలో నేల మీద కూర్చుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్న గొంతు కిందకి వినిపించింది. ఏమందో నేను వినలేదు. వినాలని ఎంత ఉన్నా మెట్లెక్కలేదు.

మరుసటి శనివారం పొద్దున్న తలుపు చప్పుడైంది. తీస్తే ఆ అబ్బాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడు, ఆరడుగులు పైనే ఉంటాడు. రెండు చేతుల్లోనూ హలాల్ షాపు సంచులు, సంచుల నిండా మేక మాంసం. నల్లటి సంచి అడుగున చిరిగి అతని తెల్లటి బూటు మీద రక్తం చుక్కలు పడుతున్నాయి. మెట్ల మీదే నిలబడి బూట్లు విప్పడానికి చేతులు ఖాళీ లేక అవస్థ పడుతున్నాడు.

"ఆంటీ, గోట్ తెచ్చాను. తను చెప్పింది, అక్కడ అలా చేస్తారంట కదా. ఎంత తేవాలి నాకు తెలీదు. ఇది చాలా?"

ఆ ఊళ్ళో అల్లుడు ఎంత తెచ్చినా అత్తగారు ముఖం మీద చాలు అనదు, అది అక్కడి గొప్ప. చూద్దాం లోపలికి రా అన్నాను.

వంటగదిలో సంచులు పెట్టి, సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ అతను చెప్పాడు. రాత్రి ఇంట్లో చెప్పేశాడట, పెళ్ళయ్యాక ఇక్కడే ఉంటానని. వాళ్ళ నాన్న సరే అన్నాడట. అమ్మ ఏడ్చిందట. చెప్తూ చెప్తూ అతని కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. గెలిచానని నాకు అనిపించలేదు. ఆచేలో మెట్ల దగ్గర కొడుకుని అప్పగించి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయిన తల్లులు గుర్తొచ్చారు. ఎవరో ఒకరు ఏడవకుండా పెళ్ళిళ్ళు జరగవేమో. అయితే ఎప్పుడూ ఆడపిల్ల తల్లే ఏడవాలని ఎక్కడా లేదు. ఆ ఊళ్ళో మగవాళ్ళు రోజూ తల్లి ఇంటికి వెళ్ళి కాఫీ తాగి వచ్చేవాళ్ళని అతనికి చెప్పాను. నువ్వూ వెళ్ళు, రోజూ వెళ్ళు, పావుగంట దూరమే కదా అన్నాను. తల ఊపాడు.

వండుదామని నేను చాకు తీసుకోబోతే మా ఆయన వెనక గదిలోంచి వచ్చి నా చేతిలోంచి అందుకున్నాడు. ఈ రోజు వంట మగవాళ్ళదని అతనికి చెప్పాడు. మా ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద గిన్నె దించాడు, కొబ్బరి తురమమన్నాడు, పనస కాయ డబ్బా తెరవమన్నాడు. అబ్బాయి ముక్కలు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ కోస్తుంటే, పరవాలేదు, నేనూ మొదట ఇలాగే కోశాను అంటున్నాడు. మెనసా అరుగు కథ కూడా తనే చెప్పాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి, దోమలూ లుంగీతో సహా. మా అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఉప్పు తక్కువేస్తున్నారని అక్కడి నుంచే అరుస్తోంది. రుచి చూడకుండానే.

కూర ఉడికే వాసన ఇల్లంతా పట్టిన వేళ నా ఫోన్ మోగింది. ఆవిడే. తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. సిస్టర్ అంటుందని కాచుకుని ఉన్నాను, అంటే ఏం జవాబు చెప్పాలో కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

"వదినగారూ," అంది ఆవిడ. "వాడు భోజనం చేశాడా?"

కిటికీ అద్దంలోంచి లోపలికి చూశాను. ఆ పొడుగాటి పిల్లాడు నా ఏప్రన్ కట్టుకుని, పొయ్యి మీదకి వంగి, గరిటెతో అడుగంటకుండా కలుపుతున్నాడు.

"ఇంకా లేదు వదినగారూ," అన్నాను. "వండుతున్నాడు."